కూర్చునే రాయి

పోయిన నెల నందిగామ బస్టాండులో ఒక కండక్టరును గొడుగుతో కొట్టాను. గట్టిగానే తగిలింది. ఒక ముసలాయన బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు లేవక కడ్డీ పట్టుకుని వేలాడుతున్నాడు. కండక్టరు "ఎక్కుతావా, దిగుతావా?" అంటూనే "రైట్ రైట్" అనేశాడు. బస్సు కదిలింది. వెనకనున్న వాళ్ళు పట్టుకోబట్టి ముసలాయన కింద పడలేదు గానీ నా చెయ్యి ఆగలేదు. కొట్టి ఊరుకున్నానా అంటే అదీ లేదు. "నువ్వు పుట్టేటప్పుడు మీ అమ్మని ఇట్టాగే తొందరపెట్టి ఉంటే ఇద్దరూ ఒకే పాడె మీద పోయేవాళ్ళు కదరా, కుంకా!" అన్నాను. బస్టాండు మొత్తం తిరిగి చూసింది. డెబ్భై దాటి, కళ్ళజోడు పెట్టుకుని, జరీ అంచు చీర కట్టుకున్న మనిషి నోట్లోంచి వచ్చే మాట కాదు అది.

నిజంగానే ఆ తిట్టు నాది కాదు. జగ్గయ్యపేటలో నా ఇద్దరు పిల్లలకీ పురుడు పోసిన మంత్రసానిది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. తిట్టు మాత్రం నా నాలిక కింద చెక్కుచెదరకుండా ఉంది.

ఆవిడ పేరు నాకు తెలియదు. ఊరి చివర పేటలో ఉండేది, ఆదివారం చర్చికి వెళ్ళేది కాబట్టి ఏదో బైబిలు పేరు ఉండే ఉంటుంది. ఆ పేరుతో పిలిచినవాళ్ళను మాత్రం నేను చూడలేదు. ఆవిడా ఎవర్నీ పేరు పెట్టి పిలిచేది కాదు. కోడళ్ళందరినీ పుట్టింటి ఊరి పేరుతో పిలిచేది. నేను "నందిగామ". మా తోడికోడలు "వత్సవాయి". ఒక్క మా అత్తగారిని మాత్రం "అమ్మగోరు" అనేది. ఆ మాటలో కూడా మర్యాద కంటే వెక్కిరింపే ఎక్కువ వినపడేది నాకు.

పొట్టి మనిషి. భుజాలు మాత్రం బస్తాలు మోసే మగాళ్ళకున్నట్టు వెడల్పు. గోళ్ళు చర్మం దాకా కత్తిరించుకునేది. చుట్టని నిప్పు వైపు లోపలికి పెట్టుకుని, దాన్ని తీయకుండానే మాట్లాడేది, తిట్టేది, ఉమ్మేది కూడా. చేతిలో ఎప్పుడూ ఒక తుమ్మకర్ర. అది నడవడానికి ఎంత పనికొచ్చేదో మనుషుల్ని అదిలించడానికీ అంతే పనికొచ్చేది. కుక్కల్ని మాత్రం ఎప్పుడూ కొట్టలేదు. "దానికి సెప్తే అర్థమవుద్ది" అనేది.

మా పెద్దాడు పుట్టిన రోజు ఆవిడ నా రెండు చెంపలూ వాయించింది. నొప్పులు పడలేక "నేను చచ్చిపోతాను" అని ఏడ్చాను. వెంటనే చెంప మీద పడింది ఒకటి. "సచ్చేదానివి సావు, ముందు కని సావు" అంది. మళ్ళీ ఏడ్చాను, మళ్ళీ పడింది. ఈసారి నాకు కోపం వచ్చింది. పుట్టింట్లో నా మీద చెయ్యి చేసుకున్నవాళ్ళు లేరు. పళ్ళు బిగించి, దాని గొంతు పిసికేద్దామన్నంత కసితో ముక్కాను. బిడ్డ బయటపడ్డాడు. "ఏడిత్తే నడుం నీరుకారిపోద్ది నందిగామా, కోపమొత్తే బలమొత్తది" అని పకపకా నవ్వింది. ఆ నవ్వుకి ఇంకా కోపమొచ్చింది నాకు. మధ్యలో మావారు కంగారుపడి తలుపు సందులోంచి తొంగి చూశారు. ఆవిడ ఇత్తడి చెంబు తీసి విసిరింది. నుదురు చిట్లి నెత్తురు కారింది. ఆ మచ్చ ఆయన పోయేదాకా అలాగే ఉంది. అడిగినవాళ్ళకి మెట్ల మీద జారానని చెప్పేవారు.

ఆ రోజు సాయంత్రం నేను గమనించిన సంగతి ఒకటుంది. పురిటిగదిలో నా తలని తన ఒళ్ళో పెట్టుకున్న మనిషి, నా నెత్తురులో మోచేతుల దాకా మునిగిన మనిషి, పని అయిపోయాక వీధిలోకి వెళ్ళి ఎండలో నిలబడింది. మా అరుగు ఖాళీగానే ఉంది. అత్తగారిని అడిగాను, ఆవిడ అక్కడ కూర్చోకూడదా అని. "కూర్చోవద్దని నేనెప్పుడన్నానే? ఆవిడే కూర్చోదు" అన్నారు. ఒళ్ళు మండిపోయింది నాకు. బాలింతని, మంచం దిగలేనిదాన్ని, మండిపోతూ అలాగే పడుకున్నాను.

రెండోవాడు పుట్టేనాటికి ఆవిడ మోకాళ్ళు పోయాయి. కాళ్ళు విల్లులా వంగాయి. పేట నుంచి బజారుకి రావాలంటే నాలుగుచోట్ల ఆగాలి. ఆగడానికి చోటేదీ? అప్పటికి ఆంధ్రా, తెలంగాణా కలిసి పదేళ్ళు దాటింది. హైదరాబాదు నుంచి బెజవాడ పోయే లారీలు ఎక్కువయ్యాయి, ఊళ్ళోకి సరుకు బళ్ళు ఎక్కువయ్యాయి. వయసులో ఉన్నవాళ్ళు పక్కకి గెంతి తప్పుకునేవారు. గెంతలేనివాళ్ళకి కొట్ల ముందు అరుగులే దిక్కు. ఆసుపత్రికి వెళ్ళే ముసలివాళ్ళు, పోస్టాఫీసుకి వచ్చేవాళ్ళు ఆ అరుగు నుంచి ఈ అరుగుకి, ఈ అరుగు నుంచి ఆ అరుగుకి ఆగుతూ ఊరు దాటేవారు. కూర్చోవడానికి వీలున్న కులాల వాళ్ళు కూర్చునేవారు, లేనివాళ్ళు పక్కన నేల మీద చతికిలబడేవారు.

మా బజార్లో పెద్ద ధాన్యం కొట్టు ఉండేది. తండ్రి పోయాక కొడుకు రంగారావు చూసుకునేవాడు. ముసలాళ్ళు అరుగు మీద కూర్చుంటే బస్తాలు దించడానికి అడ్డమని అతని బాధ. దొంగలు ఎక్కకుండా గోడల మీద పెట్టుకునే గాజుపెంకుల్ని, ముసలివాళ్ళు కూర్చోకుండా అరుగు అంచు నిండా సున్నంతో పాతించాడు. చూపు ఆనని ముసలాయన ఒకాయన, ఆసుపత్రికి పోతూ అలవాటు కొద్దీ దాని మీద కూర్చున్నాడు. ఆ కేక మా వంటింటి దాకా వినపడింది.

నేను వాకిట్లోకి వచ్చేసరికి మంత్రసాని అక్కడే ఉంది. ముసలాయన పంచె వెనక తడిసి ఎర్రగా అంటుకుపోయి ఉంది. ఆవిడ చుట్ట నోట్లోంచి ఉమ్మేసింది. కొట్టు ముందున్న తూకపు రాయి రెండు చేతులా ఎత్తి అరుగు అంచు మీద దబదబా కొట్టడం మొదలుపెట్టింది. పెంకులు ఎగిరి ఆవిడ మొహానికే తగులుతున్నాయి. రంగారావు పరిగెత్తుకొచ్చి నెట్టాడు. వెళ్ళి కాలవలో పడింది. బురదలోంచి లేచి తుమ్మకర్రతో చెవి మీద ఒక్కటి ఇచ్చింది. చెవి తమ్మె చీలింది.

"కాళ్ళు ముందు పెట్టుకుని వచ్చినోడివిరా నువ్వు! రెండు పొద్దులు అరిచింది మీ అమ్మ. నిన్ను కాళ్ళు పట్టి లాగిన చేతులివి. మళ్ళీ అందులోకే తోసేదాన్ని, ఇట్టాంటోడివని తెలిస్తే!"

బజారంతా నవ్వింది. రంగారావు చెవి పట్టుకుని, పోలీసులకి రిపోర్టు ఇస్తానని పోయాడు. ఆ నెలలో స్టేషన్ హెడ్డుగారి భార్యకి నెలలు నిండాయి. రిపోర్టు ఎవరూ తీసుకోలేదు. ఇదంతా రంగారావు తల్లి మేడ మీద కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఆవిడవీ పోయిన మోకాళ్ళే. మేడ దిగి బజార్లోకి రావడం మానేసి చాలా రోజులైంది.

వారం తిరక్కుండా పెంకులు మళ్ళీ మొలిచాయి. మంత్రసాని వచ్చి చూసింది గానీ ఈసారి పగలగొట్టలేదు. "ఆడి అరుగు ఆడిట్టం. మన రాయి మనం ఏసుకుందాం" అంది.

క్వారీ నుంచి నాపరాళ్ళు తోలే బండివాడి పెళ్ళానికి కవలలు పుట్టారు. చీర పెడతానన్నాడు. "సీర నాకెందుకు, రాయి తే" అంది. ఆసుపత్రి రోడ్డు బజార్లో కలిసే మలుపులో, సరిగ్గా మా ఇంటి పక్కగోడకి ఆనించి, అడుగున దిమ్మెలు పెట్టి పెద్ద నాపబండ వేయించింది. మమ్మల్ని అడగలేదు. అత్తగారు "మన గోడకేనా?" అన్నారు. మావారు నుదురు తడుముకుని ఊరుకున్నారు. బండివాడిని ఆ పూటంతా సతాయించింది. పేట ముసలమ్మని ఒకామెను కూర్చోబెట్టడం, లేవమనడం. "కూకోడం కాదురా సన్నాసీ, లెగడం సూడు. లెగిసేటప్పుడు సెయ్యి నేలకి ఆనిందంటే రాయి కిందకున్నట్టు." బండివాడు విసుక్కుంటే కర్రతో పిక్క మీద కొట్టింది. దిమ్మెల కింద ఇంకో వరస రాళ్ళు పడ్డాయి. నాకిప్పుడు ఏ బెంచీ మీద కూర్చున్నా ఆ మాట గుర్తొస్తుంది. చాలా బెంచీలు కూర్చోవడానికే చేశారు, లేవడానికి కాదు.

ముందు పేట ముసలమ్మలు కూర్చున్నారు. తర్వాత సంతకి వచ్చే రైతులు. ఆ తర్వాత, ఆసుపత్రి దాకా నడిచి నడిచి కులం చూసుకునే ఓపిక అయిపోయినవాళ్ళు. మా బజారు పెద్దవాళ్ళు మాత్రం పక్కన నిలబడి, గోడకి చెయ్యి ఆనించి దమ్ము తీసుకుని పోయేవారు. మా అత్తగారు కిటికీలోంచి చూస్తుండేవారు. కోవెల దాకా నడవలేక ఆవిడ ఆ మధ్య ఇంట్లోనే దీపం పెట్టుకుంటున్నారు. మధ్యలో ఒక్కచోట కూర్చోగలిగితే వెళ్ళి రాగలనని మావారితో అనడం నేను విన్నాను. ఆ ఒక్కచోటు గోడకి అవతలే ఉంది.

ఎండాకాలం వచ్చేసరికి నాపరాయి పెనంలా కాలింది. ఒకామెకి తొడ బొబ్బలెక్కింది. అందుకని మంత్రసాని పొద్దున ఒకసారి, ఎండెక్కాక ఒకసారి కుండెడు నీళ్ళు తెచ్చి రాయి మీద పోసేది. మా నూతి దగ్గరికి ఆవిడ రాకూడదు కాబట్టి నేనే తోడి గోడ మీంచి ఆవిడ కుండలో వంచేదాన్ని. ఆవిడ రాయంతా తడిసేలా చేత్తో రాసి రాసి పోసేది.

చిక్కు అక్కడే వచ్చింది. మా ఊరి ఆడవాళ్ళు ఏం చూశారు? వందలమంది బిడ్డల్ని బయటికి తీసిన మంత్రసాని, రోజూ పొద్దున్నే ఒక రాయికి స్నానం చేయిస్తోంది. ఆ వారంలోనే నెలలు నిండిన పిల్ల ఒకతె ఆసుపత్రికి పోతూ ఆ రాయికి ఆనుకుని నిలబడింది. ఇంటికి పోయి సుఖంగా ప్రసవించింది. ఇంకేం కావాలి? "చెప్పదు గానీ, దానికంతా తెలుసు. అందుకే ఇంకెవర్నీ నీళ్ళు పొయ్యనివ్వదు" అన్నారు. ఎండకి రాయి కాలుతుందని పోస్తోందర్రా అని నేను చెప్పాను. నాకు ఊరు కొత్త గనక తెలియదన్నారు.

సరిగ్గా అప్పుడే ఆవిడ జి.కొండూరులో ఉన్న కూతురికి పురుడని వెళ్ళింది. ఆవిడ లేని మొదటి శుక్రవారం రాయికి పసుపు పడింది. తర్వాత కుంకుమ. తర్వాత నిమ్మకాయల దండ, గాజులు, కొబ్బరికాయలు. "పురుడమ్మ తల్లి" అని పేరు కూడా పెట్టేశారు. అందరికంటే భక్తి రంగారావుకి పుట్టింది. రాయి చుట్టూ ఇనప కటకటాలు చేయించి పెట్టాడు. అతనికి నిజంగా భక్తో, చెవి మంటో నాకు తెలియదు, రెండూ ఉండొచ్చు. ముసలాళ్ళు ఎప్పట్లాగే వచ్చేవారు. పసుపు చూసి గతుక్కుమనేవారు. కూర్చోవడానికి వచ్చినవాళ్ళు దణ్ణం పెట్టుకుని, అలాగే నిలబడి, ఎండలో నడుచుకుంటూ పోయేవారు. ఒకాయన మా గోడ పక్కనే కళ్ళు తిరిగి పడిపోయాడు. మొహాన నీళ్ళు కొట్టి లేపింది నేనే.

ఆవిడ ఎలా చనిపోయిందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తర్వాతెప్పుడో జ్వరం వచ్చి, అందరూ పోయినట్టే పోయింది. నాకు గుర్తుండిపోయింది ఆవిడ జి.కొండూరు నుంచి తిరిగొచ్చిన శుక్రవారం.

ఆ రోజు జాతర పెట్టారు. డప్పులు మోగుతున్నాయి, మలుపు నిండా జనం. నేను చంకలో పిల్లాడితో గుమ్మంలో ఉన్నాను. బస్సు దిగి, మూట నెత్తిన పెట్టుకుని, కర్ర పొడుచుకుంటూ వచ్చింది ఆవిడ. చూసింది. మూట దించింది. ముందున్న ఘటాల మీద కర్ర తిప్పింది. కుండలు పగిలి చలిమిడీ పానకం రోడ్డు పాలయ్యాయి. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. కటకటాల తలుపు కాలితో తన్నింది. లోపలికి వెళ్ళి, పసుపు మీద, కుంకుమ మీద, నిమ్మకాయల మీద చతికిలబడి కూర్చుంది. డప్పు ఆగిపోయింది.

"దిగవే! తల్లి మీద కూర్చుంటావా? కళ్ళు పోతాయి!" అని అరిచాడు రంగారావు.

"మీ అమ్మోరి మీద నాకు పగ లేదురా. అమ్మోరికి మోకాళ్ళ నొప్పులుంటే సెప్పు, నేనే లేసి సోటిత్తా. ఇది ముసిలోళ్ళ రాయి."

జనంలోంచి రాయొకటి వచ్చి ఆవిడ నుదుటికి తగిలింది. ఇంకోటి భుజానికి. రంగారావు ఆవిడ కర్రే లాక్కుని నెత్తి మీద కొట్టాడు. చప్పుడు నాకు వినపడింది. నెత్తురు చెవి పక్కనుంచి కారి రాయి మీద పసుపులో పడింది. రెండోసారి కొట్టబోతే కర్ర పట్టుకుంది. ఇద్దరూ గుంజుకున్నారు. వాడి చెయ్యి దగ్గరికి రాగానే మణికట్టు మీద పళ్ళు దించింది. వాడు పిల్లాడిలా ఏడ్చాడు, ఎడం చేత్తో ఆవిడ మొహం మీద గుద్దాడు, మళ్ళీ గుద్దాడు. వాడు చెయ్యి విదిలించుకునేదాకా ఆవిడ పళ్ళు వదలలేదు, రాయి మీంచి లేవనూ లేదు. అంత మందిలో ఒక్కడూ అడ్డం పోలేదు. వాళ్ళలో సగంమందిని ఈ లోకంలోకి తెచ్చింది ఆవిడే.

పిల్లాణ్ణి తోడికోడలికిచ్చి రోకలి తీసుకున్నాను. కొట్టడానికే తీసుకున్నాను. గుమ్మం దాటబోతుంటే ఎవరో నా భుజం పట్టుకుని పక్కకి తప్పించారు. మా అత్తగారు. మడి కట్టుకుని పూజలో ఉన్న మనిషి, గోడ పట్టుకుని మెట్లు దిగారు. జనం తప్పుకున్నారు. మడిలో ఉన్నావిడని తాకడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఒక్కో అడుగూ వేసుకుంటూ కటకటాల్లోకి వెళ్ళి, ఆ నెత్తురూ పసుపూ కలిసిన చోట, మంత్రసాని పక్కన కూర్చున్నారు. కూర్చుంటూ "అబ్బా" అన్నారు. అది నొప్పితో అన్న అబ్బా కాదు.

"పిన్నిగారూ, అపచారమండీ! లేవండి!" అన్నాడు రంగారావు.

"ఊఁ, కొట్టు. ఆవిడ్ని కొట్టావుగా, ఇప్పుడు నన్నూ కొట్టు. కూర్చున్నాం ఇద్దరం."

మళ్ళీ కర్ర ఎత్తిన వాడి చెయ్యి అలాగే ఉండిపోయింది. మణికట్టు నుంచి నెత్తురు మోచేతికి కారుతోంది. వెనకవాళ్ళు మెల్లగా జారుకోవడం మొదలుపెట్టారు. డప్పులవాడు డప్పు భుజానికి తగిలించుకున్నాడు.

అప్పుడు బజారు వైపు నుంచి రంగారావు తల్లి వచ్చింది. ఆవిణ్ణి వీధిలో చూసి ఎన్నాళ్ళయిందో. ఒంటరిగా మేడ దిగి, కొట్ల గోడలు పట్టుకుని పట్టుకుని వచ్చింది. కుడి చేతిని కొంగులో చుట్టుకుంది. కొంగంతా ఎర్రగా ఉంది. తమ కొట్టు పెంకుల అరుగు పట్టుకునే వీధిలోకి దిగిందట, పట్టుకోవడానికి ఇంకేమీ దొరక్క.

"అమ్మా! నువ్వెందుకొచ్చావు? చెయ్యేంటది?" అన్నాడు రంగారావు. కర్ర కింద పడింది.

ఆవిడ కొడుకు వైపు చూడలేదు. రాయి ముందుకొచ్చి నిలబడింది. నిలబడలేక కాళ్ళు వణుకుతున్నాయి. నోరు తెరిచి అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

మంత్రసాని పైట చెంగుతో కంట్లోకి కారుతున్న నెత్తురు తుడుచుకుంది. విరిగిన పన్ను ఒకటి పక్కకి ఉమ్మింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పరాయి కులం చెయ్యి సోకనివ్వని మా అత్తగారి తొడ మీద, మడిబట్ట మీద, ఫెడీమని ఒక్క చరుపు చరిచింది.

"జరగండి అమ్మగోరా! సూత్తా కూకున్నారేంటి, ఆ తల్లి పడిపోయేట్టుంది."

మా అత్తగారు జరిగారు.